శత్రువుకు తెలిసిన విలువ: యుద్ధనౌకల వెనక నిలిచే సహాయక సిబ్బంది

1971 యుద్ధానికి ముందు రోజుల్లో విశాఖపట్నంలో నౌకాదళానికి సరుకులు అందించే కాంట్రాక్టర్లకు మామూలుకు మించిన ఆర్డర్లు వెళ్లాయి. పెద్ద ఓడ ఏదో రేవుకు వస్తే తప్ప అవసరం పడనంత మాంసం, తాజా కూరగాయలు కావాలన్నారు. విమానవాహక నౌక విక్రాంత్ విశాఖలోనే ఉందని, లేదా ఇవాళో రేపో వస్తుందని బజారులో మాట పుట్టాలన్నదే ఆ ఆర్డర్ల ఉద్దేశం. నిజానికి విక్రాంత్ అప్పటికే మద్రాసు వదిలి అండమాన్ దీవుల వైపు వెళ్లిపోయింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది. అది ఎలా మునిగిందన్న విషయంలో రెండు దేశాల కథనాలూ ఈనాటికీ కలవవు. ఆ వివాదం ఎలా ఉన్నా, శత్రువును ఏమార్చడానికి తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ ఎంచుకున్న సాధనాల్లో తిండి సరుకుల జాబితా ఒకటి కావడం గమనించవలసిన విషయం.

యుద్ధనౌక ఎక్కడుందో తెలుసుకోవాలంటే దానికి తిండి ఎవరు పెడుతున్నారో, నూనె ఎవరు పోస్తున్నారో చూస్తే చాలునని శత్రు గూఢచారికి తెలుసు. ఆ సంగతి కృష్ణన్‌కూ తెలుసు కాబట్టే ఆయన పన్నాగం అలా రూపుదిద్దుకుంది. యుద్ధం ముగిశాక రాసుకున్న చరిత్రల్లో, ఇచ్చుకున్న పతకాల్లో, కట్టుకున్న స్మారకాల్లో మాత్రం ఈ తెలివిడి కనబడదు. తైల నౌకలు నడిపినవారు, డాక్‌యార్డులో రాత్రింబవళ్లు రేకులు అతికినవారు, బాయిలరు గదిలో బొగ్గు తోసినవారు, వంటవారు, బట్టలు ఉతికినవారు, అద్దెకు తెచ్చిన వర్తక నౌకల ఖలాసీలు, వీళ్లంతా శత్రువు లెక్కలో ముందు వరసలో ఉండి, సొంతవాళ్ల లెక్కలో చివరికి జారిపోయారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో విచారించడానికి చెన్నై తగిన చోటు. రెండు ప్రపంచ యుద్ధాల భయాన్నీ చవిచూసిన ఓడరేవు ఇది. ఉత్తర చెన్నైలో హార్బరు పని చేసి బతికిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల కుర్రవాళ్లు నౌకాయాన పరీక్షల కోసం, ఓడ ఉద్యోగాల కోసం ఇప్పటికీ ఈ ఊరికి వస్తున్నారు.

మద్రాసు అనుభవంతోనే మొదలుపెట్టవచ్చు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చి గుండ్లు కురిపించిన సంగతి చెన్నైలో చాలామందికి తెలుసు. హైకోర్టు ఆవరణ గోడకు ఆ జ్ఞాపకంగా ఒక ఫలకం కూడా ఉంది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ గురిపెట్టింది కోటకు గానీ హైకోర్టుకు గానీ కాదు. ఆయన గురి రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకుల మీద. బంగాళాఖాతంలో బ్రిటిష్ ఓడల రాకపోకలకు ప్రాణాధారం ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసు, ఎందుకంటే తన ప్రాణాధారం గురించి ఆయన రోజూ ఆందోళన పడుతూనే ఉన్నాడు. ఎమ్డెన్ బొగ్గుతో నడిచే ఓడ. హిందూ మహాసముద్రంలో దానికి సొంత రేవంటూ ఒక్కటీ లేదు. దాని వెంట మార్కోమానియా అనే బొగ్గు నౌక తిరిగేది. అది చాలక, పట్టుబడిన ఓడల్లో బొగ్గు ఉన్నవాటిని ముంచకుండా ఉంచుకున్నారు. గ్రీకు ఓడ పోంటోపోరోస్‌ను అందుకే అట్టిపెట్టారు. సెప్టెంబరు చివర మేలురకం వేల్స్ బొగ్గుతో వస్తున్న బ్యూరెస్క్ దొరికినప్పుడు ఎమ్డెన్‌కు అది ఏ యుద్ధ విజయానికీ తీసిపోని లాభం.

ఒంటరిగా సముద్రాలను గడగడలాడించిన ఓడగా ఎమ్డెన్‌కు పేరు. ఆ ఒంటరితనం కథలో ఉన్నదే తప్ప సముద్రంలో ఎన్నడూ లేదు. ఏదో ఒక నిర్జన దీవి పక్కన రెండు ఓడలను ఆనించి, ఉష్ణమండలపు ఎండలో సంచులకు సంచులు బొగ్గు మోసి, ఓడంతా నల్లటి దుమ్ముతో నిండితే కడుక్కుని, మళ్లీ బయలుదేరడమే ఆ నావికుల దినచర్యలో ఎక్కువ భాగం. 1914 నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ నాశనమైనప్పుడు బ్యూరెస్క్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. ఓడ శత్రువు చేతికి చిక్కకుండా దానిలోని జర్మన్ సిబ్బందే దాన్ని ముంచేశారు. బ్యూరెస్క్ ఆఖరి గంటలు ఎవరికీ గుర్తులేవు.

బొగ్గు పోయి నూనె వచ్చాక ఈ ఆధారపడటం తగ్గలేదు, రూపం మాత్రం మార్చుకుంది. నూనెను గొట్టం గుండా నడిసముద్రంలోనే, ఓడలు కదులుతుండగానే ఎక్కించుకోవచ్చు. రేవు మొహం చూడకుండా నౌకాదళం వారాల తరబడి సముద్రం మీద నిలవగలగడం ఈ ఒక్క నైపుణ్యం వల్లనే సాధ్యమైంది. ఆ పని జరిగే తీరు కొంత దగ్గరగా చూడాలి. తైల నౌక ఒకే దిశలో, ఒకే వేగంతో, గంటకు పన్నెండు పదిహేను నాటికల్ మైళ్ల చొప్పున సాగుతూ ఉంటుంది. ఇంధనం కావలసిన యుద్ధనౌక వెనక నుంచి వచ్చి దాని పక్కన, ముప్పై నుంచి యాభై మీటర్ల ఎడంలో, సరిగ్గా అదే వేగానికి సర్దుకుంటుంది. ఒక ఓడ మీద నుంచి తుపాకీతో సన్నని దారాన్ని అవతలి ఓడ మీదికి కాలుస్తారు. ఆ దారానికి తాడు, తాడుకు మోకు, మోకుకు ఉక్కు తీగ కట్టి లాగుతారు. బిగించిన ఉక్కు తీగ మీదుగా బరువైన గొట్టం జారుతూ వెళ్లి అవతలి ఓడ నోట్లో దిగబడుతుంది. అప్పుడు పంపులు మొదలవుతాయి.

చెప్పడానికి తేలికే. రెండు పెద్ద ఓడలు అంత దగ్గరగా నడిచేటప్పుడు వాటి మధ్య ఇరుక్కున్న నీరు వేగం పుంజుకుని ఓడలను ఒకదానివైపు ఒకటి లాగుతుంది. చుక్కాని పట్టినవాడు ఒక్క డిగ్రీ ఏమరినా ఉక్కు తీగ తెగి డెక్కు మీద ఉన్నవారిని కోసేయగలదు, లేదా ఓడలే ఢీకొనవచ్చు. రెండు ఓడల మధ్య కట్టిన తాటికి రంగు రంగుల జెండాలు వేలాడదీస్తారు. దూరం ఎంతుందో వాటిని చూసే కనిపెట్టాలి. రాత్రయితే జెండాల చోట చిన్న దీపాలు. యుద్ధ సమయంలో దీనికి మరో గండం తోడవుతుంది. గొట్టం తగిలించి ఉన్నంతసేపు రెండు ఓడలూ దిశ మార్చలేవు, టార్పెడో తప్పించుకోవడానికి వంకరటింకరగా తిరగలేవు. శత్రు జలాంతర్గామి కోరుకునే లక్ష్యం అంతకన్నా ఉండదు. ప్రమాద సూచన అందిన వెంటనే గొట్టం విప్పి, తీగ వదిలి విడిపోయే ఒక క్రమం ఉంటుంది. తైల నౌకల సిబ్బంది దాన్ని పదే పదే సాధన చేస్తారు. తుపాకులూ క్షిపణులూ ఉన్న ఓడ ఆ తర్వాత పోరాడగలదు. విడిపోయిన తైల నౌకకు పారిపోవడమే గతి, అదీ కడుపునిండా మండే నూనె పెట్టుకుని.

శత్రువు ఈ విలువను మరిచిపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణ 1941 డిసెంబరు 7 నాటి పెర్ల్ హార్బర్. జపాన్ విమానాలు బారులు తీరిన యుద్ధనౌకలను ధ్వంసం చేశాయి, కాని రేవు ఒడ్డున ఉన్న నూనె ట్యాంకులను, మరమ్మతు డాక్‌యార్డును వదిలేసి వెళ్లాయి. ఆ ట్యాంకుల్లో సుమారు 45 లక్షల బ్యారెళ్ల నూనె ఉంది. అది కాలిపోయి ఉంటే యుద్ధం మరో రెండేళ్లు సాగేదని అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ తర్వాత అన్నట్టు ప్రసిద్ధి. ఆ మాటను అక్షరాలా తీసుకోనక్కరలేదు గానీ, ఆరు నెలలు తిరగకముందే ఆ డాక్‌యార్డు ఏం చేసిందో చూస్తే దాని వెనకున్న తర్కం తెలుస్తుంది. 1942 మే నెలలో కోరల్ సముద్ర యుద్ధంలో దెబ్బతిన్న విమానవాహక నౌక యార్క్‌టౌన్ మే 27న పెర్ల్ హార్బర్ చేరింది. మరమ్మతుకు నెలలు పడుతుందని తొలి అంచనా. సుమారు 1,400 మంది డాక్‌యార్డు పనివారు ఓడ లోపలికి దిగి, పూర్తి మరమ్మతు మాట పక్కనబెట్టి, పగిలిన చోట్ల ఉక్కు రేకులు వెల్డింగు చేసి, దుంగలతో ఊతాలు పెట్టి, మూడు రోజుల్లో దాన్ని మళ్లీ సముద్రం మీదికి పంపారు. జూన్ 4న మిడ్వే యుద్ధంలో యార్క్‌టౌన్ విమానాలు జపాన్ విమానవాహక నౌకల మీద విరుచుకుపడిన వాటిలో ఉన్నాయి. యార్క్‌టౌన్ ఆ యుద్ధంలోనే దెబ్బతిని జూన్ 7న మునిగిపోయింది. పైలట్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి, వెల్డర్లు ఒక అంకెగా మిగిలారు.

అదే కోరల్ సముద్రంలో తైల నౌక నియోషోకు పట్టిన గతి ఇంకా క్లుప్తంగా దాటిపోతారు. మే 7న జపాన్ గస్తీ విమానం నియోషోను విమానవాహక నౌక అని పొరబడింది. వెంటనే పెద్ద దాడి దాని మీదికి, దానికి కాపలాగా ఉన్న సిమ్స్ అనే విధ్వంసక నౌక మీదికి మళ్లింది. సిమ్స్ మునిగింది. నియోషో మంటలతో నాలుగు రోజులు కొట్టుకుపోతూ ఉంటే మే 11న మిగిలిన సిబ్బందిని మరో ఓడ వచ్చి రక్షించింది. ఆ పూట అమెరికా విమానవాహక నౌకల మీద పడవలసిన దాడిని ఒక తైల నౌక తన మీదికి తీసుకుందనడం అతిశయోక్తి కాదు.

మన తీరం వైపు వస్తే, తెలుగువారు 1942 ఏప్రిల్ 6ను విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన రోజుగా గుర్తుపెట్టుకున్నారు. మద్రాసు నగరం ఖాళీ అయిపోయిన నెల అది. ఆ రోజుల్లోనే జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాబలం బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను ముంచింది. ఏప్రిల్ 9న సిలోన్ తీరంలో బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ మునిగింది. అదే రోజు, అదే దాడుల్లో అథెల్‌స్టేన్ అనే తైల నౌక కూడా మునిగింది. హెర్మిస్ వారిలో చాలామందిని నీళ్లలోంచి పైకి తీసినది వీటా అనే ఆసుపత్రి నౌక. ఈ మూడింటిలో సాధారణ పాఠకుడికి తెలిసే పేరు ఒక్కటే.

మునిగిన ఆ వర్తక నౌకల్లో పనిచేసినవారెవరు? ఇక్కడ ఈ విషయం మన ఉపఖండం గడప తొక్కుతుంది, కాబట్టి కొంత ఆగి చూడాలి. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ వర్తక నౌకల సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు, అంటే సుమారు 50 వేల మంది, లస్కర్లని పిలిచిన ఆసియా నావికులు. వారిలో అత్యధికులు అవిభక్త భారతదేశం వారు. డెక్కు మీద జట్టు నాయకుడైన సారంగు, అతని కింద సహాయకులైన టిండాళ్లు, ఖలాసీలు. ఇంజను గదిలో కొలిమి దగ్గర పనిచేసే ఆగ్‌వాలాలు, బొగ్గు అందించే కోల్‌వాలాలు. వంటకు భండారీలు, పాకీపనికి టోపాసులు. సిల్హెట్ ప్రాంతం వారు ఇంజను గదుల్లో, గోవా వారు భోజనశాలల్లో ఎక్కువగా ఉండేవారు. జీతం బ్రిటిష్ నావికుడి జీతంలో నాలుగో వంతో, అంతకంటే తక్కువో. ఓడలో పడుకునే చోటు కూడా తక్కువే ఇవ్వవచ్చని చట్టమే అనుమతించింది.

జలాంతర్గామి టార్పెడో సాధారణంగా ఓడ మధ్యభాగానికి, ఇంజను గదికి గురిపెడుతుంది. ఇంజను ఆగితే ఓడ ఆగుతుంది, ఆగిన ఓడను రెండో టార్పెడోతో తీరిగ్గా ముగించవచ్చు. కాబట్టి పేలుడు జరిగిన క్షణాన అత్యంత ప్రమాదకరమైన చోట ఉండేది నీటిమట్టానికి కింద, కొలిమి ముందు చెమటోడుస్తూ ఆ వేళ డ్యూటీలో ఉన్న జట్టు. ఆవిరి గొట్టాలు పగులుతాయి, ఇనుప నిచ్చెనలు విరుగుతాయి, దీపాలు ఆరిపోతాయి. పైకి రావడానికి దొరికే సమయం చాలాసార్లు నిమిషాల్లో కూడా ఉండదు. ఎలాగో బయటపడి పడవ ఎక్కినా ఉత్తర అట్లాంటిక్ చలికి వారి ఒంటి మీదున్న నూలు బట్టలు ఏమాత్రం ఆగేవి కావు. 1940 సెప్టెంబరు 17న కెనడాకు పిల్లలను తరలిస్తున్న సిటీ ఆఫ్ బెనారస్ ఓడ మునిగినప్పుడు ప్రపంచం ఆ పిల్లల కోసం ఏడ్చింది, ఏడవవలసిందే. ఆ ఓడ సిబ్బందిలో చనిపోయిన భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారన్న సంగతి చాలా ఏళ్లు ఎవరి నోటా రాలేదు.

వీరిని మూగగా అన్నీ భరించినవారిగా చూపించడం కూడా అన్యాయమే అవుతుంది. 1939లో యుద్ధం ప్రకటించిన వారాల్లోనే బ్రిటన్ రేవుల్లో, ఇతర చోట్ల భారతీయ నావికులు సమ్మె చేశారు. ప్రమాదం పెరిగింది కాబట్టి జీతం పెంచాలని, యుద్ధ భత్యం ఇవ్వాలని అడిగారు. కొందరిని జైలుకు పంపారు. అయినా చివరికి జీతాలు పెంచక తప్పలేదు. ఓడలు కదలకపోతే బ్రిటన్‌కు గోధుమలు రావు, నూనె రాదు. తమ చేతుల్లో ఎంత బలం ఉందో వాళ్లకు తెలుసు, ఓడల యజమానులకూ తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన భారతీయ వర్తక నావికుల సంఖ్య 6 వేలకు పైమాటేనని చెబుతారు. లండన్ టవర్ హిల్ స్మారకం మీద రెండో ప్రపంచ యుద్ధానికి చెందిన దాదాపు 24 వేల మంది వర్తక నావికుల పేర్లు కంచు పలకల మీద ఉన్నాయి. భారతీయ నావికులకు మాత్రం ముంబయిలోను, చిట్టగాంగులోను పుస్తక రూపంలో జాబితాలు ఉంచారు. స్మారకం మీదున్న పేరును దారిన పోయేవాడు చదువుతాడు. అలమరలోని పుస్తకాన్ని చూడాలంటే అది అక్కడ ఉందని ముందే తెలిసి ఉండాలి.

ఈ మరపుకు కారణం ఎవరి దుర్బుద్ధో అనుకుంటే విషయం సగమే అర్థమవుతుంది. చట్టం వీరిని పౌరుల కింద రాసుకుంది. సైనికుడు చనిపోతే అతని దళం గుర్తుపెట్టుకుంటుంది, ఏటా ఒక రోజు పెట్టి తలచుకుంటుంది. వర్తక నావికుడి ఒప్పందం ఒక్కో ప్రయాణానికి మాత్రమే, ప్రయాణం ముగిస్తే జట్టు చెదిరిపోతుంది. బ్రిటిష్ వర్తక నావికులకే 1941 మే వరకు ఓడ మునిగిన రోజు నుంచి జీతం ఆగిపోయేదంటే, పడవలో అలల మీద కొట్టుకుపోతున్న మనిషి లెక్కల ప్రకారం నిరుద్యోగి అన్నమాట. అమెరికా తన వర్తక నావికులకు మాజీ సైనికుల హోదా ఇచ్చింది 1988లో, యుద్ధం ముగిసిన నాలుగు దశాబ్దాల తర్వాత. లస్కర్ల విషయంలో దీనికి నమోదు చిక్కు ఒకటి తోడయింది. సారంగు తన ఊరి నుంచి తెచ్చిన మనుషుల పేర్లను గుమస్తా తనకు వినపడిన తీరులో రాసుకునేవాడు. ఒకే పేరు పది రకాలుగా, పది మందికి ఒకే పేరుగా నమోదైన జాబితాల్లోంచి ఒక మనిషి కుటుంబాన్ని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

వీటన్నిటికంటే లోతైన కారణం పని స్వభావంలోనే ఉంది. సహాయక సిబ్బంది పని సవ్యంగా జరిగినప్పుడు చెప్పుకోవడానికి ఏమీ జరగదు. నూనె వేళకు అందింది, బాయిలరు ఆగలేదు, అన్నం ఉడికింది. యుద్ధ నివేదికలో దీనికి ఒక వాక్యం కూడా పడదు. 1971లో విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పనికిరాని స్థితిలో, తగ్గిన వేగంతోనే యుద్ధానికి వెళ్లింది. దాని మీది సీ హాక్ విమానాలు డిసెంబరు 4 నుంచి కాక్స్ బజార్, చిట్టగాంగుల మీద చేసిన దాడులు అందరికీ తెలుసు. విమానం ఎగరాలంటే డెక్కు మీద తగినంత గాలి వీయాలి, ఆ గాలి కోసం ఓడ తగినంత వేగంగా పోవాలి, ఆ వేగం మూడు బాయిలర్ల నుంచే రావాలి. ఆ లెక్కను పగలూ రాత్రీ కాపాడింది పైలట్లకు అనేక అంతస్తుల కింద, సూర్యుణ్ణి చూడకుండా పనిచేసిన ఇంజను గది మనుషులు.

అదే యుద్ధంలో పశ్చిమాన కరాచీ మీద జరిగిన ఆపరేషన్ ట్రైడెంట్‌ను ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు ఆ విజయం సాధించాయి. ఆ పడవలు ముంబయి చేరిన విధమే ఒక సహాయక గాథ. సోవియట్ ఓడల మీద వచ్చిన వాటిని దించగల పెద్ద క్రేను ముంబయిలో లేక కలకత్తాలో దించి, అక్కడి నుంచి ద్వీపకల్పం చుట్టూ తాళ్లతో లాక్కువెళ్లారు. అవి తీరరక్షణకు తయారైన పడవలు, దూరప్రయాణానికి సరిపడా ఇంధనం మోయలేవు. అందుకే కరాచీ దాడి బృందంలో పోషక్ అనే తైల నౌక ఉంది. ఆ పడవలు కరాచీ దాకా వెళ్లి తిరిగి రావడం వెనక పోషక్ ఉంది. దాడిలో కాలినది ఏమిటో కూడా చూడాలి. యుద్ధనౌకలతో పాటు కరాచీ రేవులోని కియామరీ నూనె ట్యాంకులు. 1914లో మద్రాసులో ముల్లర్ ఎంచుకున్న లక్ష్యాన్నే 57 ఏళ్ల తర్వాత మన నౌకాదళం కూడా ఎంచుకుంది.

1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధం ఈ విషయానికి ఆధునిక కాలపు సాక్ష్యం. సుమారు 8 వేల మైళ్ల దూరంలో యుద్ధం చేయడానికి బ్రిటన్ ప్రయాణికుల ఓడలను, కంటైనర్ ఓడలను, ట్యాంకర్లను యజమానుల నుంచి తీసుకుంది. వాటితోపాటు వాటి పౌర సిబ్బందీ యుద్ధంలోకి వెళ్లారు. మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే కంటైనర్ ఓడకు ఎక్సోసెట్ క్షిపణులు తగిలి, దాని కెప్టెన్ ఇయాన్ నార్త్‌తో సహా 12 మంది చనిపోయారు. ఓడతోపాటు మూడు చినూక్ హెలికాప్టర్లు, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు, వేలమందికి సరిపడా గుడారాలు పోయాయి. హెలికాప్టర్లలో వెళ్లవలసిన సైనికులు బురద నేల మీద బరువులు మోసుకుంటూ రోజుల తరబడి నడిచారు. ఒక సరుకు ఓడ పోతే భూమి మీద యుద్ధం నడక మారిపోయిందన్నమాట. అదే యుద్ధంలో షెఫీల్డ్, కోవెంట్రీ నౌకల మృతుల జాబితాల్లో హాంగ్‌కాంగ్ నుంచి వచ్చిన బట్టలు ఉతికే పనివారు కూడా ఉన్నారు. క్షిపణికి ఎవరు గన్నరో, ఎవరు ధోబీయో తెలియదు.

ఇప్పటి కాలానికి వద్దాం. 2022 ఆగస్టులో చెన్నైకి ఉత్తరాన ఉన్న కాట్టుపల్లి షిప్‌యార్డుకు చార్లెస్ డ్రూ అనే అమెరికా నౌక మరమ్మతుకు వచ్చింది. అమెరికా నౌకాదళ ఓడ ఒకటి భారతదేశంలో మరమ్మతు చేయించుకోవడం అదే మొదటిసారి. అది ఫిరంగుల ఓడ కాదు, యుద్ధనౌకలకు సరుకులు, మందుగుండు చేరవేసే సరఫరా నౌక, దాన్ని నడిపేది పౌర నావికులు. వార్తలు దీన్ని రెండు దేశాల వ్యూహాత్మక సంబంధాల మైలురాయిగా రాశాయి, అది నిజమే. అయితే ఆ పదకొండు రోజుల పని చేసింది ఇక్కడి ఫిట్టర్లు, వెల్డర్లు, పెయింటర్లు. యుద్ధం వస్తే ఏ షిప్‌యార్డు ఎవరికి ఎంత త్వరగా ఓడను సరిచేసి ఇవ్వగలదన్నది నిర్ణాయకం అవుతుందని యార్క్‌టౌన్ కథ చెప్పిన విషయమే ఇక్కడా వర్తిస్తుంది.

2023 ఆగస్టులో రక్షణ శాఖ విశాఖపట్నంలోని హిందుస్తాన్ షిప్‌యార్డుతో ఐదు నౌకాదళ సహాయక నౌకల కోసం సుమారు 19 వేల కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఒక్కొక్కటి 44 వేల టన్నుల ఓడ. వాటిలో రెండింటిని కాట్టుపల్లిలో కట్టే ఏర్పాటు జరిగింది. యుద్ధనౌకల నిర్మాణం మీద ఉన్న శ్రద్ధ ఇన్నేళ్లకు సహాయక నౌకల మీదికి కూడా మళ్లడం సంతోషించవలసిన పరిణామం. ఇంధనం, నీరు, మందుగుండు, ఆహారం ఒకే ఓడ నుంచి అందించగలిగితే నౌకాదళం హిందూ మహాసముద్రంలో ఎంత దూరం వెళ్లగలదు, ఎన్నాళ్లు ఉండగలదు అన్న లెక్కలే మారతాయి. కట్టడం ఒక ఎత్తు, నడిపించడం మరో ఎత్తు. పక్కపక్కనే ఓడలు నడిపి గొట్టం అందించే నైపుణ్యం ఒక తరం నుంచి మరో తరానికి చేతుల మీదుగా అందవలసిందే.

ఎర్ర సముద్రం, ఏడెన్ సింధుశాఖల్లో ఓడల మీద యెమెన్ హౌతీల దాడులతో వచ్చిన సంక్షోభం వర్తక నావికుల ప్రమాదాన్ని మళ్లీ కళ్ల ముందుకు తెచ్చింది. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకరుకు క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు ఉన్నారు. ఐఎన్ఎస్ విశాఖపట్నం అనే మన యుద్ధనౌక నుంచి అగ్నిమాపక బృందం వెళ్లి, ట్యాంకరు సిబ్బందితో కలిసి మంటలు ఆర్పింది. కెప్టెన్ అవిలాష్ రావత్‌కు, సిబ్బందికి ఆ ఏడాది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అసాధారణ ధైర్యానికి ఇచ్చే అవార్డు ప్రకటించింది. మండే సరుకు మీద నిలబడి మంటలు ఆర్పినవారికి గుర్తింపు అదే ఏడాది దక్కింది. లస్కర్ల కాలంతో పోలిస్తే ఇది చిన్న మార్పేమీ కాదు. నావికుల సంఘాలు, ఓడల యజమానులు కుదుర్చుకున్న అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన సముద్రంలోకి వెళ్లనని చెప్పే హక్కు నావికుడికి ఉంది. వెళ్తే అదనపు జీతం, ప్రాణం పోతే రెట్టింపు పరిహారం. 1939లో సమ్మె చేసి అడిగినదీ ఇలాంటి అదనపు జీతమే. ఆ ఒప్పందాల కిందికి రాని ఓడల్లో ఉన్నవారికి మాత్రం ఆ హక్కులు ఇప్పటికీ అందుబాటులో లేవు. చెన్నైలో ఏజెంటుకు డబ్బు కట్టి మొదటిసారి ఓడ ఎక్కే కుర్రవాడు సంతకం పెట్టే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అదే: ఈ ఓడకు అలాంటి ఒప్పందం ఉందా, లేదా?

చరిత్ర వైపు చేయగల పని కూడా ఒకటుంది, దానికి పెద్ద బడ్జెట్టు అక్కరలేదు. రాయపురం, తండయార్‌పేట ఇళ్లలో, శ్రీకాకుళం తీరపు ఊళ్లలో తాతల నాటి ఓడ ఉద్యోగపు పుస్తకాలు, పోర్టు పింఛను కాగితాలు, రేవు పాసులు ట్రంకు పెట్టెల అడుగున ఇంకా ఉండే ఉంటాయి. ఓడ పేరు, ఎక్కిన తేదీ, దిగిన రేవు, చేసిన పని ఇలాంటి కాగితాల్లోనే దొరుకుతాయి. ఆ నాలుగు వివరాలు ఉంటే మునిగిన ఓడల జాబితాలతో సరిపోల్చి, గుమస్తా తప్పుగా రాసిన పేరును సరిచేయవచ్చు. చెన్నైలోని తెలుగు సంఘాలు, ఇక్కడే ప్రధాన కార్యాలయం ఉన్న ఇండియన్ మారిటైం యూనివర్సిటీ కలిసి వాటిని స్కాన్ చేయించి, కాగితాలతోపాటు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే వివరాలను కూడా రాయించి భద్రపరచవచ్చు. చెదలు పట్టకముందే, ఆ పెద్దవాళ్లు ఉండగానే ఈ పని మొదలుకావాలి.